రెండో మనిషి

ఆ ఇంట్లో అడుగుపెట్టాక నేను గట్టిగా అన్న మొదటి మాట "ఎత్తను" అని. అప్పటికి వచ్చి గంట కూడా కాలేదు. నా సంచి ఇంకా గోడ వారనే ఉంది, ఇచ్చిన టీ సగమే తాగాను. మంచం మీద ఉన్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, తనని కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టమన్నాడు. మనిషి తొంభై కిలోలకి తక్కువ ఉండడు. పక్షవాతంతో ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. అంత మనిషిని నేనొక్కదాన్నే ఎత్తాలట. ఎత్తనన్నాను.

నా పేరు అసిరమ్మ. మాది నౌపడ అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పదహారేళ్ళు నెత్తి మీద చేపల గంప పెట్టుకుని ఊళ్ళు తిరిగాను. మా ఆయన ఏటా గుజరాత్ బోట్ల మీద వేటకి పోతాడు, ఎనిమిది నెలలు మొహం కనబడదు. మూడేళ్ళ కిందట శ్రీకాకుళంలో నలభై అయిదు రోజులు ట్రైనింగ్ తీసుకుని, మంచాన పడ్డవాళ్ళని ఇళ్ళలో చూసుకునే పనిలో చేరాను. విజయనగరంలో త్రినాథ్ అని ఒకాయన ఏజెన్సీ నడుపుతున్నాడు. అతను ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి, నెలల తరబడి ఆ ఇంట్లోనే ఉండి చేస్తాను. నాకు ముక్కు మీద కోపమని త్రినాథ్ అందరికీ చెబుతుంటాడు. ఉంది మరి, లేదని నేనెప్పుడన్నాను?

ఈసారి పంపింది గజపతినగరం దగ్గర ఒక పల్లెకి. పెద్దాయన పేరు గణపతిరావు గారు, రైతు. భార్య పోయి నాలుగేళ్ళయింది. కొడుకు యుగంధర్ గరివిడి ఫ్యాక్టరీలో పని చేస్తాడు, తెల్లవారుతూనే బండి మీద పోయి దీపాలు పెట్టే వేళకి వస్తాడు. కోడలు అనూరాధ ఇంట్లోనే ఉంటుంది. పిల్లలిద్దరూ బడికి పోయాక ఇంట్లో మిగిలేది ముగ్గురం.

నాకన్నా ముందు అక్కడ పనిచేసిన కుమారి ఒక్కర్తే ఎత్తేదని, మూడు నెలలు ఎత్తినా ఒక్కనాడు నోరెత్తలేదని పెద్దాయన నాకు వినబడేలా అన్నాడు. కుమారి నాకు తెలియని మనిషా? నాతోపాటే ట్రైనింగ్ అయింది, నౌపడ ఉప్పు మళ్ళలో పుట్టి పెరిగిన పిల్ల. ఎందుకు మానేసిందని అడిగితే ఇంట్లో ఏదో ఇబ్బంది వచ్చిందని త్రినాథ్ నీళ్ళు నమిలాడు. ఆ మధ్యాహ్నం వంటింట్లో చింతపండు పిసుకుతూ అనూరాధ అసలు సంగతి చెప్పింది. మంచం మీంచి లేపుతుంటే పెద్దాయన కుమారి మెడ పట్టుకుని వేలాడిపోయాడట. తను వంటింట్లో ఉండగా కేక వినబడిందట, వచ్చి చూసేసరికి కుమారి మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడి ఉందట. ఆటోలో పడుకోబెట్టి పంపించేశారు. అప్పటి నుంచి పొద్దునా రాత్రీ యుగంధరే చూసుకుంటున్నాడట. ఇదంతా చెబుతున్నంతసేపూ అనూరాధ చింతపండు గిన్నెలోంచి తల ఎత్తలేదు.

పెరట్లోకి పోయి కుమారికి ఫోను చేశాను. చాప మీద పడుకునే మాట్లాడుతున్నానంది. రెండు నెలలయిందట, ఇంకా అన్నం గిన్నె దించలేకపోతోందట, కూతురికి జడ వేద్దామని కూర్చుంటే సగంలో పడుకోవలసి వస్తోందట. ఈ సంగతి తెలిస్తే ఇంకెక్కడికీ పంపడేమోనని త్రినాథ్‌కి కూడా సరిగ్గా చెప్పలేదట. అంతా చెప్పి ఆఖరికి ఒక్క మాట అంది.

"నువ్వొక్కర్తివీ ఎత్తకప్పా."

ఫోను పెట్టేశాక ఒళ్ళు మండింది. ముప్పై నాలుగేళ్ళ పిల్ల, రాయి లాంటి మనిషి, ఒక్క పూటలో పనికిరాకుండా పోయింది. మందు బిళ్ళ వేళ తప్పితే రాసుకోవడానికి ఆ ఇంట్లో పుస్తకం ఉంది. కుమారి నడుము పోయిన సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. నాకు నలభై అయిదు దాటాయి. నా నడుము పోతే మా ఇంట్లో నన్ను లేపడానికి కూడా మనిషి లేదు. కూతురు నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంది, మొగుడు సముద్రం మీద ఉంటాడు. అందుకే ఆ పెరట్లోనే గట్టిగా అనుకున్నాను. పని పోతే పోనీ, నడుము మాత్రం ఇక్కడ వదిలి వెళ్ళను.

ఊరికే మొండికేసి కూర్చున్నానని అనుకోవద్దు. పని ఎలా చెయ్యాలో నాకు తెలుసు. ట్రైనింగులో అనిత మేడం మమ్మల్ని వారం రోజులు ఒకరి చేత ఒకరిని లేపించి చంపింది. నడుము వంచకూడదు, మోకాళ్ళు వంచాలి. మనిషిని ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. మెడ పట్టుకోనివ్వకూడదు, ఎంత బతిమాలినా సరే. కాలి మీద బరువు మోపలేని మనిషిని ఒక్కరు లేపకూడదు. పడిపోతున్నవాడిని ఆపబోకూడదు, నీ ఒంటి మీంచి నెమ్మదిగా నేలకి జార్చాలి. ఈ ఆఖరిది వినడానికి ఎంత తేలికో చెయ్యడానికి అంత కష్టం. పడుతున్న మనిషిని చూస్తే చేతులు వాటంతటవే ముందుకు పోతాయి.

ఆ సాయంత్రం యుగంధర్ వచ్చాక నాకు కావలసినవన్నీ చెప్పాను. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టమన్నాను, అంత కిందకి వంగి పని చేస్తే వారంలో నా పని అయిపోతుందని. పెట్టాడు. స్నానాల గదిలో గోడకి ఇనుప కడ్డీ అడిగాను. ఆదివారం వేయించాడు. నా దగ్గరొక బెల్టు ఉంది. మంచాలకి అల్లే నవారుని నాలుగు మడతలు వేసి కుట్టించి, రెండు పక్కలా పట్టుకోవడానికి చెవులు పెట్టించాను. లేపేముందు దాన్ని పెద్దాయన నడుముకి కడతానంటే సరేనన్నాడు. చెడ్డవాడని ఎలా అంటాను? ఏ వస్తువు అడిగినా కాదనలేదు. రెండో మనిషి కావాలన్నప్పుడే మొహం మారిపోయింది.

"అనూరాధ ఉంది కదా" అన్నాను.

యుగంధర్ నా వైపు చూడలేదు. అది కుదరదన్నాడు.

కుదరకపోవడం ఏమిటో రెండు రోజుల్లో నాకే తెలిసింది. ఆ ఇంట్లో కోడలు మావని ముట్టుకోదు. ముట్టుకోవడం దాకా ఎందుకు, ఎదురుపడి మాట్లాడదు. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఆయన గదిలోకి అడుగుపెట్టలేదు. అన్నం కంచం గుమ్మం లోపల స్టూలు మీద పెట్టి, ఒక పక్కకి తప్పుకుని నిలబడుతుంది. ఆయనకి మజ్జిగ కావాలంటే నా వైపు తిరిగి "మజ్జిగ" అంటాడు. ఆమె నా వైపే తిరిగి "తెస్తన్నానని సెప్పక్కా" అంటుంది. ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం, ఇద్దరికీ చెవులు బాగానే వినబడతాయి. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఈ కబుర్లు ఆవిడ మోసేది, ఇప్పుడు నేను మోస్తున్నాను. అది వాళ్ళ మర్యాద, కాదనడానికి నేనెవరిని? కానీ జీతానికి వచ్చిన నా చెయ్యి ఆయన్ని ముట్టుకోవచ్చు, ఇంట్లో ఉన్న చెయ్యి ముట్టుకోకూడదు. ఆ మర్యాద బరువంతా కుమారి నడుము మీద పడింది. ఈ మాట యుగంధర్‌తో అన్నాను కూడా. అతను పక్కింటి రాముడిని మాట్లాడతానన్నాడు.

రాముడు మంచివాడు. పొద్దున్న పదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి వచ్చి బెల్టు అవతలి చెవి పట్టుకునేవాడు. ఉదయం, సాయంత్రం యుగంధర్ ఉండేవాడు. ఇరవై రోజులు హాయిగా గడిచాయి. పెద్దాయన కుడి కాలి మీద కాస్త బలం మోపడం కూడా మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు అంటే మూడుకి లేవాలని నేర్పాను. మొదట్లో నాకు అంకెలు నేర్పుతావా అని కసిరాడు గానీ, తరవాత తనే లెక్కపెట్టేవాడు. సాయంత్రాలు కుర్చీలో కూర్చుని, ఏ ఏడు ఏ మడిలో ఎంత పండిందో నాకు చెప్పేవాడు. సముద్రం ఒడ్డు దానికి మడుల సంగతి ఏం తెలుస్తుందని మధ్యలో దెప్పేవాడు. చేప ముల్లు తీయడం రానివాళ్ళు నాకు చెప్పొచ్చారని నేనూ అంటించేదాన్ని.

తరవాత వరి కోతలు వచ్చాయి. రాముడు పొలానికి పోయాడు. ఊళ్ళో కాలూ చెయ్యీ ఆడే మగవాళ్ళంతా పొలాల్లోనే ఉన్నారు. యుగంధర్‌కి సెలవు ఇవ్వరు. తెల్లారి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పోతే మళ్ళీ కొడుకు వచ్చేదాకా అదే కుర్చీ. రెండు రోజులకే వెనక చర్మం ఎర్రగా కమిలింది. రెండు గంటలకి మించి ఒక్క తీరున కూర్చోబెట్టవద్దని డాక్టరు ముందే చెప్పాడు. రేపటి నుంచి మంచం మీదే ఉంచుదామని, పక్కలకి తిప్పడం దుప్పటితో నేనొక్కదాన్నే చేసుకోగలనని ఆ రాత్రి చెప్పాను. మంచం మీదే ఉంటే పీనుగునే అవుతానని, కుర్చీలోనే కూర్చుంటానని ఆయన పట్టుబట్టాడు.

మూడో రోజు మధ్యాహ్నం జరిగింది. ఒంటిగంట అయి ఉంటుంది. పొద్దుటి నుంచి కూర్చుని కూర్చుని ఆయనకి నొప్పి ఎక్కువైంది. మంచం మీదకి మార్చమన్నాడు. నేనొక్కదాన్నే మార్చలేనన్నాను, దిండు సర్దుతానన్నాను. దిండూ వద్దు నువ్వూ వద్దు అన్నాడు. కుమారి పేరు ఎత్తి, అది మనిషంటే అన్నాడు. నాకు తిక్క పుట్టుకొచ్చింది. ఆ మనిషి ఇవాళ ఎలా ఉందో మీకు తెలుసా అని అడగబోయి, ముందు దిండు తెద్దామని మంచం వైపు తిరిగాను. నా వీపు తిరగడమే తడవు, కుర్చీ చేతిని కుడి చేత్తో పట్టుకుని తనంతట తనే లేచాడు.

లేచాడు గానీ నిలబడలేకపోయాడు. ఎడమ కాలు మడత పడిపోయింది. నేను తిరిగేసరికి మనిషి ముందుకి ఒరుగుతున్నాడు. రెండు అంగల్లో వెళ్ళి, పొద్దుట విప్పకుండా ఆయన నడుముకే వదిలిన బెల్టు పట్టుకున్నాను. పట్టుకుని పైకి లాగాలనే చేతులు ఆరాటపడ్డాయి. ఆయన కుడి చెయ్యి నా మెడ కోసం వచ్చింది. తల పక్కకి తప్పించి, నా ముంజేయి అందించాను. ఒక కాలు ముందుకు వేసి, మోకాలు వంచి, నా తొడ మీంచి ఆయన్ని నేల మీదకి జార్చాను. తల నేలకి తగలకుండా ఆఖరికి చెయ్యి అడ్డం పెట్టాను. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

"పడీసినావే నన్ను" అన్నాడు ఆయన, నేల మీంచి.

గుమ్మంలో అనూరాధ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

కాళ్ళూ చేతులూ తడిమి చూశాను, ఎక్కడా దెబ్బ తగల్లేదు. తల కింద దిండు పెట్టాను. మార్గశిర మాసం చలికి గచ్చు చల్లగా ఉంది, దుప్పటి మడిచి ఆయన వీపు కిందకి తోశాను. తరవాత ఆయన పక్కనే గచ్చు మీద కూర్చున్నాను. ఎత్తమన్నాడు. కుర్చీలోంచే ఎత్తని దాన్ని నేల మీంచి ఎలా ఎత్తుతానన్నాను. త్రినాథ్‌కి ఫోను చెయ్యమన్నాడు. చేసి, ఆయన చెవి దగ్గర పెట్టాను. అంతా విని త్రినాథ్ నాతో మాట్లాడతానన్నాడు. ఎలాగోలా ఎత్తి మంచం మీద పడుకోబెట్టమని, లేకపోతే సంచి సర్దుకోమని అన్నాడు.

"సరే, నువ్వు బస్సెక్కి రా. ఇద్దరం ఎత్తుదాం" అన్నాను. త్రినాథ్ ఫోను పెట్టేశాడు.

పని పోయిందనే అనుకున్నాను. భయం వెయ్యలేదని చెబితే అబద్ధం. సంచి సర్దుకుని గజపతినగరంలో బస్సెక్కడం, ఇంటికి పోయి మళ్ళీ చేపల గంప వెతుక్కోవడం, అన్నీ కళ్ళ ముందు కదిలాయి. అయినా చాప మీద పడుకుని మాట్లాడిన కుమారి గొంతు చెవిలో ఉంది. నేను లేవలేదు.

తరవాత ఆయన బయట ఎవరినైనా పిలవమన్నాడు. ఊళ్ళో ఎవరున్నారు పిలవడానికి? అంతా కోతల్లో ఉన్నారన్నాను. సాయంత్రం దాకా ఇలాగే ఉంటానన్నాడు. ఈ చలి గచ్చు మీద అయిదు గంటలు ఉంటే ఇప్పటికే కమిలిన ఒళ్ళు పుండు పడుతుందని, ఆ పుండు మానడానికి ఆర్నెల్లు పడుతుందని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"బాబూ" అన్నాను. "పదారేళ్ళు గంప మోసినాను. గంప నెత్తికెత్తుకోడానికి దారంట పోతన్న మనిషిని ఆపి, కాస్త సెయ్యెయ్యి బాబూ అంటే, ఎవులూ కాదన్నేదు. ఆడా మొగా సూడరు, కులం అడగరు. సేపల నీల్లు సేతి మీద కారినా ఏసీవోరు. మీ కల్లంలో దాన్యం బస్తా ఎత్తినప్పుడు మటుకు ఒక్కడే ఎత్తుకున్నాడేటి? ఇద్దరు పట్టి మూడోవోడి ఈపు మీద ఎడతారు. బస్తాకి ఇద్దరు కావాల, మీకు నానొక్కర్తినే సరిపోతానా?"

ఆయన కళ్ళు తెరిచాడు.

"ఇంటి మనిషి గుమ్మంలో ఉన్నాది" అన్నాను.

"అది నా కోడలు."

"కోడలే బాబూ, నాను కాదన్నానేటి? మీ లుంగీ మార్సమంటన్నానా? బెల్టు సెవి పట్టుకోమంటన్నాను."

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. చాలాసేపటికి గోడతోనే మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు.

"పదకొండేల్లు నన్ను సూసి తలొంచుకుని పక్కకి తప్పుకున్నాది. దాని ముందర ఇలగ పడున్నాను. ఇంక నన్ను ముట్టుకుని లెగదియ్యాలా?"

అప్పుడు నాకు ఆయన మీద నిజంగా జాలి వేసింది. నలుగురికి పని చెప్పి బతికిన మనిషి, గచ్చు మీద మొహం దాచుకోవడానికి గోడ వెతుక్కుంటున్నాడు. నా చెయ్యి ఆయన భుజం మీద వేశాను. వేశాను గానీ మాట మాత్రం మార్చలేదు.

"సిగ్గు మీది, నడుం నాది. రెండిట్లో ఏది ఇరగాలో మీరే సెప్పండి."

అనూరాధ కదలడం లేదు, పోవడమూ లేదు. నేను ఆమెని పిలవలేదు. నేను పిలిస్తే వస్తుందేమో గానీ, సాయంత్రం మొగుడికి ఏమని చెప్పుకుంటుంది? పిలవాల్సిన మనిషి ఆయన. ఎంతసేపైనా సరేనని కూర్చున్నాను. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి.

ఆఖరికి ఆయన గోడ వైపు నుంచి తల తిప్పాడు. గుమ్మం వైపు చూశాడు. నా వైపు తిరిగి చెప్పలేదు, ఆమెకే చెప్పాడు.

"అమ్మా అనూరాధా. ఓపాలి రామ్మా."

అనూరాధ గుమ్మం దాటింది. దాటి, చేతులు రెండూ చీరకి తుడుచుకుంది. ఏడుస్తోంది, కళ్ళు తుడుచుకోకుండానే వచ్చి ఆయనకి అవతలి పక్క నిలబడింది. వంగి ఆయన్ని చంకల కింద పట్టుకోబోయింది. అలా కాదని ఆపాను. ముందు ఆయన్ని కుడి పక్కకి తిప్పించాను, మోచేయి ఆనించి తనే లేచి కూర్చునేలా చేశాను. కుర్చీ ఆయన ముందుకి లాగి దాని మీద ముంజేయి ఆనించమన్నాను. నెమ్మదిగా మోకాళ్ళ మీదకి వచ్చాడు. కుడి పాదం నేల మీద గట్టిగా మోపించాను. తొందర ఏమీ లేదు, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. అనూరాధకి బెల్టు చెవి చేతికిచ్చి, నడుము నిలువుగా ఉంచి మోకాళ్ళు వంచమన్నాను. వంచింది. బిందెలతో నీళ్ళు మోసిన పిల్ల, రెండోసారి చెప్పించుకోలేదు.

ఒకటి, రెండు అని ఆయనే లెక్కపెట్టాడు. మూడు అన్నది ముగ్గురం అన్నాం. లేచాడు. ఇద్దరం బెల్టు పట్టుకుని తిప్పి, ఇటుకల మీద ఎత్తుగా ఉన్న మంచం మీద కూర్చోబెట్టాం. నా నడుములో చిన్న కలుక్కు కూడా లేదు. అనూరాధ బెల్టు వదలకుండా అలాగే నిలబడిపోయింది. మంచినీళ్ళు ఇమ్మని ఆయన ఆమెనే అడిగాడు. ఆమె తెచ్చి, స్టూలు మీద పెట్టకుండా ఆయన చేతికిచ్చింది.

సాయంత్రం యుగంధర్ వచ్చి సంగతి విని గట్టిగానే అరిచాడు. నాన్నని నేల మీద పడేసి, పైగా మా ఆవిడ చేత పట్టిస్తావా అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే పెద్దాయన మంచం మీంచి పిలిచి, నానే రమ్మన్నాను, నోరుముయ్యరా అన్నాడు. యుగంధర్ భార్య వైపు చూశాడు. ఆమె ఈసారి తల వంచుకోలేదు. మర్నాడు డ్యూటీకి పోయేముందు అతను నా దగ్గరికి వచ్చి, తను లేనప్పుడు ఇద్దరూ కలిసే చెయ్యండి అని మాత్రం అన్నాడు. త్రినాథ్ మళ్ళీ సంచి మాట ఎత్తలేదు. నేను మాత్రం అతనికి ఫోను చేసి, కుమారి నడుము ఏ ఇంట్లో ఎలా పోయిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. వైద్యం సంగతి చూడమన్నాను, చూసేదాకా రోజూ ఫోను చేస్తానన్నాను. చేస్తూనే ఉన్నాను.

వారం తిరిగేసరికి రోజుకి నాలుగుసార్లు ఇద్దరం కలిసి మార్చడం మామూలైపోయింది. ఎర్రబారిన చర్మం తేరుకుంది. మావా కోడళ్ళ మధ్య కబుర్లు మోసే పని నాకు తప్పింది. వాళ్ళిప్పుడు కూర గురించి కూడా నేరుగా మాట్లాడుకుంటున్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన కుర్చీలో కూర్చుని, ఉన్నట్టుండి కుమారికి ఎలా ఉందని అడిగాడు. నేను దాచలేదు. అన్నం గిన్నె సంగతి చెప్పాను, కూతురి జడ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఫోను కలపమన్నాడు.

కలిపి, అందరికీ వినబడేలా పెట్టి ఆయన చేతికిచ్చాను. అనూరాధ బట్టలు మడత పెడుతూ ఆ గదిలోనే ఉంది.

"కుమారీ, నానమ్మా, గణపతిరావుని. నడుం ఎలాగున్నాది?"

"కూకుంటే లెగలేను, లెగిస్తే కూకోలేను బాబూ. మీరెలాగున్నారు?"

"నాకు బాగున్నాదమ్మా. నీకు నా వొల్ల శానా కష్టం వచ్చినాది. తప్పు నాది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు ఇద్దరు లేపుతన్నారు నన్ను. అసిరమ్మా, మా కోడలూ."

లైను కట్ అయిందేమోనని నేను ఫోను వైపు వంగి చూశాను. అప్పుడు కుమారి మాట్లాడింది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

"ఆ దినం కూడా ఆయమ్మ గుమ్మం కాడే ఉన్నాది బాబూ. ఓపాలి సెయ్యెయ్యమ్మా అని అడిగినాను. ఆయమ్మ రాబోనాది. మీరే వొద్దన్నారు."

అనూరాధ చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. తను వంటింట్లో ఉన్నానని నాతో చెప్పిన మనిషి నా మొహం చూడలేక నేల చూసింది. పెద్దాయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోవడానికి ఆయనకి ఖాళీగా ఉన్న చెయ్యి లేదు. అన్నం పొయ్యి మీద ఉంది, ఉంటాను బాబూ అని కుమారే ఫోను పెట్టేసింది.

మూడు కావస్తోంది, ఆయన్ని మంచం మీదకి మార్చే వేళ. బెల్టు తీసి ఆయన నడుముకి కట్టాను. అనూరాధ బట్టలు పక్కన పెట్టి అవతలి వైపుకి వచ్చింది. ముందు తన కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది. తరవాత మోకాళ్ళు వంచి బెల్టు పట్టుకుంది.